లుకేమియా ఉన్నవాళ్ళకి ఇంకో బ్లడ్ క్యాన్సర్ వస్తే: తరచుగా అడిగే ప్రశ్నలు

మా నాన్నగారిది అంబాజీపేట దగ్గర కొబ్బరితోట. 2016లో సీఎల్ఎల్ అన్నారు, అంటే నెమ్మదిగా నడిచే రకం లుకేమియా. ఆరు సైకిళ్ళ కీమో అయ్యాక ఆరేళ్ళు శుభ్రంగా తిరిగారు, దింపులు కూడా దగ్గరుండి చూసుకునేవారు. 2022 చివర్లో ప్లేట్‌లెట్లు పడిపోవడం మొదలైంది. ముందు డెంగ్యూ అనుకున్నాం, తర్వాత పాతది తిరగబెట్టిందనుకున్నాం, రెండూ కాదు, వేరే కొత్త బ్లడ్ క్యాన్సర్. ఆ మాట తేలడానికి మాకు పదివారాలు పట్టింది, ఎందుకంటే పాత ఫైలు ఆ ఏడాది జులై వరదల్లో తడిసి ముద్దయిపోయింది, ఏ మందులు ఎక్కించారంటే ఇంట్లో ఎవరం చెప్పలేకపోయాం.

అప్పట్నుంచి రాజోలు, ముమ్మిడివరం, పాలకొల్లు, భీమవరం వైపు నుంచి ఎవరో ఒకరు ఫోన్ చేసి అడుగుతూనే ఉన్నారు. ప్రశ్నలు దాదాపు అవే కాబట్టి అన్నీ ఒకచోట రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదండి, రక్తం డాక్టర్ల దగ్గర కూర్చుని అడిగి తెలుసుకున్నదీ, చదివి సరిచూసుకున్నదీ ఇది.

ఒకసారి బ్లడ్ క్యాన్సర్ వచ్చాక ఇంకోటి కూడా వస్తుందా అండి?

వస్తుందండి. ఎక్కువమందికి రాదు, కానీ డాక్టర్లకి బాగా తెలిసిన విషయమే ఇది. జనం "మళ్ళీ వచ్చింది" అనే ఒక్క మాటలో నాలుగు వేరువేరు సంగతులు కలిపేస్తారు. ఒకటి, పాత జబ్బు అదే రూపంలో తిరగబెట్టడం. రెండోది, పాత జబ్బు కణాలే ముదిరి వేరే రూపం ఎత్తడం, సీఎల్ఎల్ కాస్తా లింఫోమాగా, అంటే గడ్డల రూపంలో వచ్చే క్యాన్సర్‌గా, మారడం లాంటిది. మూడోది, పాత జబ్బుకి ఇచ్చిన కీమో వల్లో రేడియేషన్ వల్లో కొన్నేళ్ళకి మూలుగలో కొత్త జబ్బు పుట్టడం, మా నాన్నగారిది ఇదే. నాలుగోది, దీనికీ దానికీ ఏ సంబంధం లేకుండా ఇంకోటి రావడం, సీఎల్ఎల్ వాళ్ళకి అసలే ఇమ్యూనిటీ తక్కువ కాబట్టి వేరే క్యాన్సర్లు కూడా మామూలువాళ్ళకంటే ఎక్కువే వస్తాయి.

ఏదైనా క్యాన్సరే కదా, ఏ రకమో తేల్చుకుంటే ఒరిగేదేంటి?

మా పెదనాన్నగారు కూడా ఇదే అన్నారండి. కానీ మందు మొత్తం దాని మీదే ఉంటుంది. పాత సీఎల్ఎల్ తిరగబెడితే ఇప్పుడు రోజూ వేసుకునే మాత్రలున్నాయి, వాటితో ఏళ్ళకి ఏళ్ళు గడిపేవాళ్ళున్నారు. అదే ఏఎంఎల్ అయితే, అంటే మైలాయిడ్ కణాల్లో వేగంగా వచ్చే లుకేమియా, వారాల్లో మనిషిని కిందపడేస్తుంది, దాని మందులు వేరు, తొందర వేరు. మాకు ముందు చూసిన డాక్టరు గారు పాతదే అనుకుని ఆ మందు మొదలెట్టబోయారు, ఇంకో డాక్టరు ఆపి మూలుగ పరీక్ష చేయించబట్టి తెలిసింది.

మళ్ళీ నడుములో సూది పొడవాల్సిందేనా? పాత రిపోర్టు ఉందిగా?

చాలాసార్లు తప్పదండి. నొప్పి ఉంటుంది, అబద్ధం ఎందుకు చెప్పాలి, కానీ పావుగంటలో అయిపోతుంది, మత్తు ఇంజెక్షన్ ఇస్తారు. పాత రిపోర్టు పాత జబ్బు గురించి చెబుతుంది, ఇప్పుడు మూలుగలో ఏముందో అది చెప్పలేదు కదా. తీసిన మూలుగని మైక్రోస్కోప్ కింద చూస్తారు, కణాలు ఏ జాతివో చెప్పే ఫ్లో సైటోమెట్రీ చేస్తారు, క్రోమోజోములు చూస్తారు, ఈ మధ్య జీన్ల టెస్టు కూడా చేస్తున్నారు. అప్పుడు పాత రిపోర్టు పక్కన పెట్టి పోల్చుతారు. పాతదాంట్లో ఉన్న జీన్ తేడాలే కొత్తదాంట్లోనూ ఉంటే పాత కణాల వంశమే, అసలు సంబంధమే లేకపోతే కొత్తది. అందుకే పాత క్రోమోజోముల రిపోర్టు, స్లైడ్లు, బ్లాకులు (మైనంలో దాచిన ముక్కలు) దొరికితే బంగారం అనుకోండి.

ఒక చిక్కు ఉందండి ఇక్కడ. కొన్ని రకాల లుకేమియాలో, ముఖ్యంగా కేఎంటీ2ఏ అనే జీన్ తేడా ఉన్న ఏఎల్ఎల్‌లో (లింఫాయిడ్ కణాల్లో వేగంగా వచ్చే లుకేమియా, పిల్లల్లో ఎక్కువ), అదే క్యాన్సర్ కణం జాతి మార్చుకుని ఏఎంఎల్‌లా కనపడుతుంది. పైకి చూస్తే కొత్త జబ్బు, లోపల పాతదే. అది తేలేది కూడా ఈ పోల్చడంలోనే.

కీమో వల్లే రెండోది వచ్చిందని అంటున్నారు, నిజంగా మందువల్ల క్యాన్సర్ వస్తుందా?

నిజమేనండి, దాచాల్సింది కాదు. కీమో మందులు క్యాన్సర్ కణం డీఎన్ఏని దెబ్బకొట్టి చంపుతాయి, ఆ దెబ్బ రక్తం పుట్టించే మంచి మూలకణాలకి కూడా కొంత తగులుతుంది, చాలావరకు అవి కోలుకుంటాయి, ఎక్కడో ఒకటి దెబ్బతిన్న డీఎన్ఏతోనే బతికిపోయి పెరగడం మొదలెడుతుంది. వయసు మీదపడినవాళ్ళలో కీమోకి ముందే కొన్ని కణాల్లో టీపీ53 లాంటి జీన్ దెబ్బతిని ఉంటుంది, మిగతా కణాలు కీమోకి చస్తే ఇవి చావకుండా ఆ ఖాళీలో అల్లుకుపోతాయి. వరికి కలుపుమందు కొడితే మందుకి తట్టుకున్న ఊదరే మిగిలి చేనంతా ఆక్రమించుకుంటుందే, అలాగన్నమాట.

అన్ని మందులూ ఒకటి కాదు. సైక్లోఫాస్ఫమైడ్, మెల్ఫలాన్, క్లోరాంబ్యుసిల్ ఒక జట్టు. వీటివల్ల వచ్చేది సాధారణంగా 5 నుంచి 10 ఏళ్ళ తర్వాత వస్తుంది, ముందు ఎండీఎస్ అనే స్టేజి ఉంటుంది, అంటే మూలుగ పనిచేస్తున్నట్టే ఉంటుంది కానీ సరుకు నాసిరకం, కౌంట్లు మెల్లగా దిగుతుంటాయి, 5వ లేదా 7వ క్రోమోజోములో ముక్క పోయి ఉండటం ఎక్కువ. మా నాన్నగారికి 7వది. ఎటోపోసైడ్, డాక్సోరుబిసిన్, మైటోజాన్‌ట్రోన్ ఇంకో జట్టు, వీటివల్ల వచ్చేది 1 నుంచి 3 ఏళ్ళలోపే, ఎండీఎస్ లేకుండా నేరుగా ఏఎంఎల్‌గా దిగుతుంది. అందుకే డాక్టరు మొట్టమొదట అడిగే ప్రశ్న ఏ మందు, ఏ సంవత్సరం అని. స్టెరాయిడ్ మాత్రలకీ, రిటుక్సిమాబ్ అనే ఇంజెక్షన్‌కీ ఈ చెడ్డపేరు లేదు.

అయితే అసలు కీమో చేయించుకోవడమే తప్పా?

తప్పు కాదండి, ఈ ప్రశ్నకి మాత్రం నేను గట్టిగానే చెబుతాను. మొదటి జబ్బుకి మందు పడకపోతే రెండోది వచ్చేదాకా మనిషి ఉండడు. 1940ల దాకా పిల్లలకి లుకేమియా వస్తే కొద్దివారాలో నెలలో, అంతే. 1895లో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికా వెళ్ళి, లెడర్లీ కంపెనీలో ఆయన జట్టు తయారుచేసిన అమినోప్టెరిన్‌ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు పిల్లలకి ఇస్తే 1948లో మొదటిసారి లుకేమియా వెనక్కి తగ్గడం లోకం చూసింది. ఆ మందు తమ్ముడే ఇవాళ్టికీ పిల్లల ఏఎల్ఎల్‌లో వాడుతున్న మెథోట్రెక్సేట్. మన గోదావరి మట్టి మనిషి చేతిమీదుగా మొదలైన దారి అది, ఇవాళ మంచి సెంటర్లలో ఏఎల్ఎల్ పిల్లల్లో ఎక్కువమంది నయమై బడికెళ్తున్నారు.

నయమైనవాళ్ళు ఎక్కువయ్యాకే రెండో క్యాన్సర్ సంగతి కూడా బయటపడింది. 1991లో అమెరికాలోని సెయింట్ జూడ్ పిల్లల ఆసుపత్రి డాక్టర్లు ఒక లెక్క వేశారు, ఏఎల్ఎల్ తగ్గి మందులు కొనసాగిస్తున్న 734 మంది పిల్లల్లో 21 మందికి ఏఎంఎల్ వచ్చింది. ఎటోపోసైడ్ జాతి మందుని వారానికొకసారీ రెండుసార్లూ ఇచ్చిన పిల్లల్లో ఎక్కువ, దూరం దూరంగా ఇచ్చినవాళ్ళలో బాగా తక్కువ. ఇలాంటివి చూసే డాక్టర్లు మందుల షెడ్యూళ్ళు మార్చుకుంటూ వచ్చారు. కాబట్టి భయపడి మధ్యలో మానేయకండి, మానేస్తే తిరగబెట్టేది మొదటిదే.

మా అమ్మగారికి సీఎల్ఎల్, మెడ దగ్గర ఒక్క గడ్డ గబగబా పెరుగుతోంది, ఆర్ఎంపీ గారు టీబీ అంటున్నారు.

టీబీ కావచ్చు కూడా, మన దగ్గర తక్కువేం కాదు. కానీ సీఎల్ఎల్ ఉన్న మనిషికి మిగతా గడ్డలు అలాగే ఉండి ఒక్కటే వారాల్లో ఉబ్బుతుంటే, దాంతో జ్వరం, రాత్రి పక్క తడిసేంత చెమట, బరువు తగ్గడం, ఎల్‌డీహెచ్ అనే రక్తపరీక్ష బాగా పెరగడం ఉంటే రిక్టర్ అనేదాన్ని అనుమానించాలి. 1928లో మారిస్ రిక్టర్ అనే ఆయన మొదట రాశారు కాబట్టి ఆ పేరు. సీఎల్ఎల్ కాస్తా వేగంగా పెరిగే లింఫోమాగా మారడం, నూటికి 2 నుంచి 10 మంది దాకా ఇలా అవుతుందని లెక్క. దయచేసి ఊరికే టీబీ మందు మొదలెట్టి ఆరునెలలు ఆగకండి, పెట్ స్కాన్‌లో బాగా వెలిగిన గడ్డ నుంచి బయాప్సీ తీయిస్తే టీబీయో రిక్టరో రెండూ అక్కడే తేలిపోతాయి. సన్నసూది పరీక్ష దీనికి చాలదు, ముక్క తీయాలి. ఇంకోమాట, రిక్టర్‌లో ఎక్కువమందికి పాత సీఎల్ఎల్ కణమే మారి ఉంటుంది, కొద్దిమందికి సంబంధం లేని కొత్త లింఫోమా, ఈ కొత్తదే మందుకి బాగా లొంగుతుంది. వినడానికి తిరకాసుగా ఉంటుంది గానీ నిజం.

మా ఆయనకి సీఎంఎల్, కౌంట్లు నార్మల్ అని మాత్రలు ఆపేశాం. ఇప్పుడు ఏఎల్ఎల్ అని రాశారు, రెండో క్యాన్సరా?

చాలావరకు కాదమ్మా, అదే సీఎంఎల్ (మైలాయిడ్ కణాల్లో నెమ్మదిగా నడిచే లుకేమియా) ముదిరింది. బ్లాస్ట్ క్రైసిస్ అంటారు. సీఎంఎల్ ముదిరితే మూడింట రెండొంతులమందిలో ఏఎంఎల్‌లా, ఒక వంతు మందిలో ఏఎల్ఎల్‌లా కనపడుతుంది, అందుకే కాగితం మీద కొత్త పేరు చూసి ఇంట్లోవాళ్ళు గాభరా పడతారు. సీఎంఎల్‌కి గుర్తయిన ఫిలడెల్ఫియా క్రోమోజోము ఉందో లేదో, దాని జీన్ లెక్క చెప్పే బీసీఆర్-ఏబీఎల్ పీసీఆర్ టెస్టు ఎంతుందో చూస్తే తెలుస్తుంది.

2001లో ఇమాటినిబ్ అనే మాత్ర రాకముందు సీఎంఎల్ వాళ్ళలో ఎక్కువమంది కొన్నేళ్ళలోనే ఈ స్టేజికి చేరేవారు, ఇప్పుడు మాత్రలు సరిగ్గా వేసుకునేవాళ్ళలో ఏడాదికి నూటికి ఒకరో ఇద్దరో, అదీ మొదటి ఏళ్ళలోనే ఎక్కువ. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు ఆ మందు మీద నోవార్టిస్ కంపెనీకి పేటెంట్ ఇవ్వకుండా తీర్పు చెప్పింది కాబట్టి మన దేశంలో తయారైన చవక మాత్రలు అందుబాటులోనే ఉన్నాయి. కౌంట్లు నార్మల్ అయినంత మాత్రాన జబ్బు పోయినట్టు కాదండి, మొదట్లో 3 నెలలకోసారి ఆ పీసీఆర్ టెస్టు చేయించండి, ఆపడం డాక్టరు చెబితేనే.

ఈ మాత్రలు బాగా పనిచేస్తున్నవాళ్ళలో కూడా కొద్దిమందికి, ఫిలడెల్ఫియా లేని కణాల్లో 7వ క్రోమోజోము పోయి వేరే ఎండీఎస్ రావడం ఉంది. అరుదే. బీసీఆర్-ఏబీఎల్ చక్కగా ఉండి కూడా రక్తం తగ్గిపోతుంటే ఇది గుర్తుంచుకుని మూలుగ చూపించమని అడగండి.

ప్లేట్‌లెట్లు తగ్గాయి, డెంగ్యూయో ఏదో ఎలా తెలుస్తుంది?

మేం దెబ్బతిన్నది ఇక్కడేనండి. వానాకాలం దాటాక కోనసీమలో ఎవరికి ప్లేట్‌లెట్లు పడినా డెంగ్యూ అనే అంటారు, బొప్పాయి ఆకు రసం పట్టించేస్తారు. డెంగ్యూలో జ్వరం ఉంటుంది, ప్లేట్‌లెట్లు పడ్డా మామూలుగా వారం పదిరోజుల్లో తిరిగి లేస్తాయి. మా నాన్నగారికి జ్వరమే లేదు, మూడు వారాలైనా లేవలేదు, హిమోగ్లోబిన్ కూడా నెలనెలా దిగుతోంది, ఎంసీవీ అని రిపోర్టులో ఎర్రకణాల సైజు చెప్పే ఒక లైను ఉంటుంది చూడండి, అది 100 దాటి పెరుగుతోంది. బీ12 తక్కువైనా ఎంసీవీ పెరుగుతుంది, కాబట్టి అది ఒక్కటే చూసి భయపడొద్దు, కానీ పాత కీమో ఉన్న మనిషికి ఇవన్నీ కలిసి వస్తే ఆగకూడదు. మిషన్ లెక్కతో సరిపెట్టకుండా స్మియర్, అంటే రక్తం చుక్కని మైక్రోస్కోప్ కింద, చూడమని అడగండి, బ్లాస్టులు అనే పిల్లకణాలు కనిపిస్తే అదే రోజు పెద్దాసుపత్రికి బయల్దేరాలి. చిగుళ్ళలోంచి రక్తం కారుతూ ఒళ్ళంతా నల్లమచ్చలు వస్తుంటే రాత్రయినా సరే ఆగకండి, ఏఎంఎల్‌లోనే ఏపీఎల్ అనే రకం ఉంది, రక్తస్రావంతో ప్రాణం తీసేది అదే, సమయానికి వెళ్తే ఆట్రా మాత్రలతో, ఆర్సెనిక్ ఇంజెక్షన్‌తో బాగా నయమయ్యేదీ అదే, కీమో తర్వాత రెండోదిగా వచ్చినా సరే.

మేనరికం చేసుకున్నాం, మా బాబుకి ఇలా రావడం దానివల్లేనా?

చాలా ఇళ్ళలో దీనిమీదే ఆడపిల్లని తప్పుపడతారు, అది నాకు బాధ. లుకేమియాలో ఎక్కువభాగం వంశపారంపర్యం కాదు. కానీ ఫాంకోనీ ఎనీమియా అనే జబ్బు ఉంది, అమ్మానాన్న ఇద్దరిలోనూ చెడ్డ జీను ఒక్కొక్క కాపీ ఉంటే ప్రతి కాన్పులో బిడ్డకి నాలుగో వంతు అవకాశం, మేనమామనో మేనబావనో చేసుకుంటే ఇద్దరికీ అదే జీను ఉండే అవకాశం పెరుగుతుంది. పిల్లలు పొట్టిగా ఉండటం, చేతి బొటనవేలు చిన్నగా ఉండటమో లేకపోవడమో, ఒంటిమీద కాఫీరంగు మచ్చలు ఉండొచ్చు, కొందరికి పైకి ఏమీ ఉండదు. ముందు రక్తం తగ్గుతుంది, తర్వాత ఎండీఎస్, ఏఎంఎల్ రావచ్చు, ఇతర క్యాన్సర్లు కూడా. ఈ పిల్లలకి మామూలు డోసు కీమో గానీ రేడియేషన్ గానీ తట్టుకోదు, అందుకే ముందే క్రోమోజోమ్ బ్రేకేజ్ టెస్టు చేయించాలి, మూలుగ ఇవ్వబోయే అన్నకో చెల్లికో కూడా చేయించాలి.

తమ్ముడి మూలకణాలు ఎక్కించారు, ఇప్పుడు ఆ కణాలే క్యాన్సర్ అవుతాయా?

చాలా చాలా అరుదు, కానీ ఉంది. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి రక్తం జబ్బులుంటే డీడీఎక్స్41, రన్‌ఎక్స్1 లాంటి జీన్లు దాతకి కూడా చూడమనండి. దానికంటే ఎక్కువగా చూసేది ట్రాన్స్‌ప్లాంట్ అయిన మొదటి ఏడాదిలో ఈబీవీ వైరస్ వల్ల వచ్చే లింఫోమా లాంటి జబ్బు, ఇమ్యూనిటీ అణిచే మందులు తగ్గించి రిటుక్సిమాబ్ ఇస్తే చాలామందిలో తగ్గుతుంది.

కార్-టి చేయిస్తే కొత్త క్యాన్సర్ వస్తుందట?

కార్-టి అంటే పేషెంటు సొంత టీ కణాల్ని (రక్షణ కణాల్లో ఒక రకం) ల్యాబ్‌లో మార్చి క్యాన్సర్ మీదకి వదిలే ట్రీట్‌మెంట్. 2024 జనవరిలో అమెరికా మందుల శాఖ కార్-టి మందుల మీద ఆ హెచ్చరిక ముద్రించమంది, టీ కణాల క్యాన్సర్లు కొద్దిమందిలో కనపడ్డాయని. చాలా అరుదు. జబ్బు తిరగబెట్టినవాళ్ళకో మామూలు మందులకి లొంగనివాళ్ళకో ఎక్కువగా ఇది ఇస్తారు కాబట్టి లాభమే ఎక్కువంటున్నారు డాక్టర్లు. మన దేశంలో ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కలిసి చేసిన నెక్స్‌కార్19కి 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది.

పొలం మందులు, చుట్టల వల్లా?

పొగ తాగితే ఏఎంఎల్ ముప్పు పెరుగుతుందని తేలిన విషయం, లంక పొగాకు చుట్టయినా పొగ పొగే. పెట్రోల్లో ఉండే బెంజీన్ కూడా అంతే. పురుగుమందులకీ కొన్ని రక్త క్యాన్సర్లకీ సంబంధం ఉందని చాలా పరిశోధనలు చెబుతున్నాయి, అలాగని ఫలానా మనిషికి ఫలానా డబ్బా వల్లే వచ్చిందని తేల్చడం కుదరదు. కీమో అయినవాళ్ళు పురుగుమందు కొట్టే పనికి మాత్రం వెళ్ళకండి.

రెండోదానికి ట్రీట్‌మెంట్ ఉందా? చేతులెత్తేస్తారా?

ఉందండి, కానీ మామూలు ఏఎంఎల్ కంటే మొండిది, 7వ క్రోమోజోము పోయి ఉన్నా, టీపీ53 దెబ్బతిని ఉన్నా మరీను. ఒళ్ళు తట్టుకుంటే కీమో చేసి వేరేవాళ్ళ మూలకణాలు ఎక్కించడం ఒక్కటే నయమవ్వడానికి గట్టి దారి, అన్నదమ్ములు లేకపోతే సగం మ్యాచ్ అయిన కొడుకైనా కూతురైనా ఇవ్వొచ్చు. పెద్దవాళ్ళకి అజాసిటిడిన్ ఇంజెక్షన్లు, వెనెటోక్లాక్స్ మాత్రలు. మా నాన్నగారికి 67 అప్పుడు, గుండె కూడా బలహీనం, ట్రాన్స్‌ప్లాంట్ వద్దన్నారు, అజాసిటిడిన్‌తో తొమ్మిది నెలలు ఉన్నారు, అందులో ఆరు నెలలు ఇంట్లోనే, మనవరాలి ఓణీల ఫంక్షన్‌లో కుర్చీలో కూర్చుని అందరికీ అక్షింతలేశారు. ఆ పదివారాలు పోకపోతే ఇంకొంచెం ఉండేవారేమో అని అనిపిస్తూనే ఉంటుంది.

నాటుమందు, పసరు పక్కన వాడొచ్చా?

వద్దండి. భస్మాల్లో సీసం, పాదరసం ఉండే ప్రమాదం ఉంది, లివర్ దెబ్బతింటే కీమో ఆపేయాల్సి వస్తుంది. ఇప్పటికే వాడి ఉంటే తిడతారని దాచకండి, పొట్లం తీసుకెళ్ళి చూపించండి.

ఎక్కడికి వెళ్ళాలి? కార్డు పనిచేస్తుందా?

మన వైపు నుంచి విశాఖ అగనంపూడిలో టాటా వాళ్ళ హోమీ భాభా క్యాన్సర్ హాస్పిటల్ ఉంది, హైదరాబాద్‌లో నిమ్స్, ఎంఎన్‌జే, బసవతారకం ఉన్నాయి. రక్తానికి హెమటాలజిస్టో మెడికల్ ఆంకాలజిస్టో ఉన్నారా అని కనుక్కునే బయల్దేరండి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ అంటున్న పథకంలో క్యాన్సర్ ట్రీట్‌మెంట్లు ఉన్నాయి, అయితే పాత జబ్బు పేరుమీద తీసుకున్న అప్రూవల్ కొత్తదానికి చెల్లుతుందో కొత్తగా పెట్టాలో ఆసుపత్రిలోనే ఉండే ఆరోగ్యమిత్రని మొదటిరోజే అడిగేయండి.

నయమైపోయాక ఎన్నేళ్ళు టెస్టులు చేయించాలి?

అయిదేళ్ళు దాటితే ఇక అక్కర్లేదని అనుకుంటారు, పైన చెప్పిన మొదటి జట్టు మందుల వల్ల వచ్చేది సరిగ్గా అప్పుడే మొదలయ్యేది. ఒళ్ళు బాగున్నా ఏడాదికి ఒకటి రెండుసార్లు సీబీపీ అనే రక్తకణాల లెక్క టెస్టు చేయించి, రిపోర్టులు తేదీల వారీగా దాచండి. ఒక్క రిపోర్టులో నార్మల్ కిందకి కొంచెమే ఉంటుంది, నాలుగు వరుసగా పెడితే దిగుతున్న సంగతి కంటికి కనపడుతుంది.

మా ఫైలు కూడా పోయింది, ఇప్పుడేం చెయ్యాలి?

లంకల్లో, ఏటిగట్టు పక్కన ఉన్నవాళ్ళకి ఇది మామూలే. మేం చివరికి చేసింది చెబుతాను. ట్రీట్‌మెంట్ అయిన ఆసుపత్రిలో మెడికల్ రికార్డ్స్ విభాగం ఉంటుంది, అక్కడ పేషెంటు నంబరు చెప్పి, పేషెంటు సంతకంతో అర్జీ, ఆధార్ కాపీ ఇచ్చి డిశ్చార్జ్ సమ్మరీ, కీమో చార్టు, మూలుగ రిపోర్టు కావాలని అడగాలి. నంబరు లేకపోతే పాత మందుల షాపు బిల్లు మీదో, పథకం మెసేజ్‌లోనో దొరకొచ్చు, మాకు మా అన్నయ్య పాత ఫోన్లో ఒక బిల్లు ఫొటో మీద దొరికింది. రెండు రోజుల్లో కాగితాలు చేతికొచ్చాయి, అందులో సైక్లోఫాస్ఫమైడ్, ఆరు సైకిళ్ళు, 2016 అని చూసిన నిమిషానికే కొత్త డాక్టరు గారు అనుమానం ఫలానా అని చెప్పేశారు. రాగానే ప్రతి పేజీ ఫొటో తీసి ఇంట్లో ముగ్గురి ఫోన్లకి పంపుకోండి, కాగితాలు ప్లాస్టిక్ కవర్లో పెట్టి అటకమీద పెట్టండి, బీరువా కింద అరలో వద్దు.